దాహం అనుకుంది, దొంగ అనుకోలేదు

మా ఊరు తెనాలి దగ్గర. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సార్వాలో మా బీపీటీ వరి ఆకుల కొసలు పసుపు తిరగడం మొదలుపెట్టాయి. ఆ పసుపు అంచుల వెంట అలల్లా కిందికి దిగుతూ వచ్చింది. వారం తిరిగేసరికి మడి సగం ఎండుగడ్డి రంగు. నీళ్లు చాలట్లేదేమోనని నాన్న ఇంకో తడి పెట్టాడు. తర్వాత బలం లేదేమోనని యూరియా చల్లాడు. రెండూ చేశాక తెగులు ఇంకా జోరందుకుంది. చివరికి వ్యవసాయాఫీసు నుంచి ఒక సారు వచ్చి, ఒక ఆకు కోసి, కోసిన వైపు గ్లాసు నీళ్లలో ముంచి గట్టు మీద పెట్టమన్నాడు. మేమంతా చుట్టూ గొంతుకూర్చున్నాం. కాసేపటికి తెగిన అంచు నుంచి సన్నటి పాలపోగు లాంటిది నీళ్లలోకి జారింది.

"ఇది నీళ్లు లేక ఎండటం కాదండీ. నీళ్లొచ్చే దారిలోనే పురుగు కూర్చుంది" అన్నాడు ఆయన. పురుగంటే బాక్టీరియా. మడిలో నీళ్లు తీసెయ్యమన్నాడు, యూరియా ఆపమన్నాడు. నాన్న చేసినవి రెండూ తలకిందులు.

పాతికేళ్ల తర్వాత ఆ గ్లాసు నాకు ఇటలీలో గుర్తొచ్చింది. మా పెద్దమ్మ కొడుకు అక్కడ బారి అనే నగరంలో ఉద్యోగం చేస్తాడు. ఒక ఏప్రిల్‌లో సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్తే కారెక్కించి దక్షిణానికి తీసుకెళ్లాడు. మ్యాపులో ఇటలీ బూటులా ఉంటుంది కదా, దాని మడమ భాగం పేరు సాలెంతో. లెచ్చె ఊరు దాటి గల్లీపోలి వైపు తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా బూడిద రంగు ఆలివ్ చెట్లు. ఎప్పుడో మంటలు అంటుకుని ఉంటాయి అనుకున్నాను. కానీ కింద గడ్డి పచ్చగా ఉంది, ఎర్రమట్టిలో పసుపు పూలు కూడా పూసి ఉన్నాయి. "అన్నయ్యా, ఒక్కసారి ఆపు" అన్నాను.

దగ్గరికెళ్తే ఆ మాను ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందేలా లేదు. మెలికలు తిరిగి, మధ్యలో మనిషి దూరేంత తొర్ర. పైన కొమ్మలన్నీ ఎముకల్లా తెల్లబడ్డాయి. మొదలు దగ్గర మాత్రం మోకాలెత్తు పిలకలు, లేతగా. అంటే వేరు బతికే ఉంది, భూమిలో తడి ఉంది. ఆ తడి పైదాకా ఎక్కట్లేదు, అంతే. ఒక పిలక ఆకు తుంచి చూశాను. కొస నుంచి సగం దాకా గోధుమ రంగు, మిగతా సగం ఆకుపచ్చ, మధ్యలో గీత గీసినట్టు. మా వరి ఆకు చూసినట్టే ఉంది.

ఆ తెగులు తెచ్చే బాక్టీరియా పేరు జైలెల్లా ఫాస్టిడియోసా. రెండో మాటకి 'పేచీకోరు' అని అర్థం చెప్పుకోవచ్చు, ల్యాబులో పెంచబోతే ఓ పట్టాన పెరగదు కాబట్టి. ఇది అమెరికా ఖండాల సరుకు. 19వ శతాబ్దం చివర్లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్ని నాశనం చేసింది, తర్వాత బ్రెజిల్ బత్తాయి తోటల్ని పట్టుకుంది. 2013 అక్టోబరులో మొదటిసారి గల్లీపోలి దగ్గర ఆలివ్ చెట్లలో దొరికింది. జన్యువుల పోలికను బట్టి కోస్టారికా నుంచి కుండీల్లో పెంచుకోవడానికి తెచ్చిన కాఫీ మొక్కతో దిగి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. సాలెంతో ఉన్న పూలియా ప్రాంతంలో ఆలివ్ చెట్లు సుమారు 6 కోట్లు. వాటిలో 2 కోట్లకు పైగా ఈ తెగులు పాలబడ్డాయని అక్కడి రైతు సంఘాలు చెబుతాయి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ఒక మిత్రుడితో వాదన పడింది. ప్రకృతి వ్యవసాయం చేస్తాడు, మనిషి మంచివాడు, నాకంటే నేల బాగా తెలిసినవాడు. సాలెంతో ఫొటోలు చూపిస్తే అతనన్నది ఇది: "వెయ్యేళ్లు బతికిన చెట్టుకి మనం వైద్యం నేర్పాలా? నేలని బాగుచెయ్యి, మిగతాది చెట్టే చూసుకుంటుంది. మన వేపచెట్లు మొన్న ఎండిపోయి మళ్లీ చిగురించలేదా?"

వేప సంగతి వేరు. 2021లో తెలంగాణలో వేపచెట్లు ఎండినప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుకున్నది ఫోమోప్సిస్ అనే బూజు. అది రెమ్మల కొసల్ని తినే రకం. కొసలు పోతే వెనక నుంచి చిగురొస్తుంది. జైలెల్లా కూర్చునేది నీళ్ల గొట్టంలో. 'చెట్టే చూసుకుంటుంది' అన్న అసలు మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అది అతనొక్కడి మాట కాదు. 2013 తర్వాత సాలెంతోలో వేలమంది అన్నది కూడా అదే. నిజం చెప్పాలంటే ఆ తొర్ర ముందు నిలబడి నేనూ అదే అనుకున్నాను. ఇంత మాను తనని తాను కాపాడుకోలేకపోవడమేంటి?

ఆలివ్ చేతిలో ఆయుధం లేదనుకోవద్దు. చెట్టు మీంచి కోసిన ఆలివ్ కాయ నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. విషపు చేదు. ఊరబెట్టకుండా ఎవరూ తినలేరు. ఆ చేదు పేరు ఓలియూరోపీన్. ఆకుల్లో ఇంకా ఎక్కువ. ఆకు మామూలుగా ఉన్నంతసేపూ అది ఒక గదిలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటుంది. పురుగు కొరికిందంటే గోడలు కూలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టే పదార్థం పురుగు తిన్న ప్రోటీన్లనే ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేస్తుంది, తిన్నా ఒంటికి పట్టదు. మనకి ఇది కొత్తేం కాదు. ఆవాలు డబ్బాలో ఉన్నంతసేపూ వాసన రాదు, నూరితేనే ముక్కుపుటాలదిరే ఘాటు వస్తుంది. అక్కడా ఇదే రెండు గదుల ఏర్పాటు. (అన్నట్టు మన మల్లె, పారిజాతం కూడా ఆలివ్ కుటుంబంలోవే. నాకీ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మెలికల మానుకీ మా వాకిట్లో మల్లెపందిరికీ చుట్టరికమంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.)

పాత బాక్టీరియా శత్రువు కూడా ఒకటుంది ఆలివ్‌కి. సూడోమొనాస్ సవస్తనోయి. 19వ శతాబ్దంలో దీని మీద పనిచేసిన లుయీజీ సవస్తానో అనే ఇటలీ ఆయన పేరే దానికి పెట్టారు. వడగళ్లు పడ్డచోటో, కత్తిరించినచోటో, ఆకు రాలిన మచ్చలోంచో లోపలికి దూరి, చెట్టు హార్మోన్లని తానే తయారుచేసి కొమ్మ మీద బుడిపెలు లేపుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, కాపు తగ్గుతుంది, కానీ చెట్టు సాధారణంగా చావదు. బుడిపెలతోనే దశాబ్దాలు కాస్తుంది. రైతులు వానలో కొమ్మలు కత్తిరించరు, వడగళ్ల తర్వాత రాగి మందు కొడతారు. ఆ గొడవ చెట్టుకీ తెలుసు, మనిషికీ తెలుసు.

జైలెల్లా దగ్గర ఇవేవీ పనిచెయ్యవు. అది దేన్నీ కొరకదు, గోడ కూల్చి రాదు. నురగ పురుగు అని ఒకటుంది, వేలి గోరులో సగం ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు వసంతంలో గడ్డిమొక్కల కాడలకి అంటుకుని ఉమ్మినట్టు నురగ చేసుకుని దాన్లో దాక్కుంటుంది. సాలెంతోలో ఆ రోజు నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది మంచుతో అనుకున్నాను. అన్నయ్య ఒక కాడ వంచి నురగని వేలితో పక్కకి తోస్తే లోపల మెత్తటి ఆకుపచ్చ పురుగు, బియ్యపు గింజంత. పెద్దయ్యాక ఇదే ఆలివ్ చెట్టెక్కి సూది నోటితో సరాసరి దారువులోకి గుచ్చుతుంది. దారువంటే బడిలో చదువుకున్నదే, వేరు నుంచి ఆకుకి నీళ్లు మోసే గొట్టాలు. అందులో పోషకాలు నామమాత్రం కాబట్టి పురుగు తెగ తాగాలి, తాగుతూ చెట్టు నుంచి చెట్టుకి తిరగాలి. ఒకసారి దాని గొంతులో జైలెల్లా అతుక్కుందంటే ఇక అది బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది.

దారువు గొట్టాలు చనిపోయిన కణాలు. గోడలు తప్ప లోపల ఏమీ ఉండదు. గంట కొట్టడానికి ఎవరూ లేని ఇంట్లోకి దొంగ దిగినట్టు. పక్కనున్న బతికిన కణాలు గోడలోని సన్నటి కంతల్లోంచి చూసి పసిగట్టాలి. అది కూడా అంత తేలిక కాదు. జైలెల్లా ఒంటి మీద పొడవాటి చక్కెర గొలుసులుంటాయి. అవి ముసుగులా పనిచేసి, మొక్క దాన్ని గుర్తుపట్టడాన్ని ఆలస్యం చేస్తాయని ద్రాక్ష మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ గొలుసులు లేని బాక్టీరియాని ఎక్కిస్తే ద్రాక్ష వెంటనే మేలుకుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ తర్వాతి భాగం. సాలెంతో పాత తోటలన్నీ ముఖ్యంగా రెండు రకాలు, ఒల్యరోలా, చెల్లీనా ది నార్దో. తరతరాలుగా ఆ నేలకి అలవాటు పడ్డవి. వాటి మధ్యలో అక్కడక్కడా టస్కనీ అనే వేరే ప్రాంతం నుంచి తెచ్చి నాటిన లెచ్చీనో అనే రకం ఉంది. చుట్టూ ఒల్యరోలా మోడువారిపోతుంటే లెచ్చీనో పచ్చగా నిలబడటం ముందు రైతుల కంట పడింది. పరీక్షిస్తే దానిలోనూ జైలెల్లా ఉంది, కాకపోతే చాలా తక్కువ. బారి శాస్త్రవేత్తలు లెచ్చీనో, ఒల్యరోలా రెండింటిలోనూ తెగులు సోకాక ఏ జన్యువులు పనిలోకి దిగాయో చూసి 2016లో ప్రచురించారు. లెచ్చీనోలో ముందుకొచ్చినవి గ్రాహకాలు, అంటే కణం గోడ దగ్గర కాపలా కాస్తూ బయటివాడి వాసన పట్టే ప్రోటీన్లు. ఒల్యరోలాలో ఆ కదలిక లేదు. దానిలో కనిపించింది నీటి ఎద్దడికి మొక్క చేసే హడావుడి.

అంటే ఆ చెట్టు దాహం అనుకుంది. మా నాన్నలాగే.

దాహం అనుకున్నాక చేసే పనులు ఎలా ఉంటాయంటే, నష్టం ఇంకా పెరుగుతుంది. గొట్టంలో జైలెల్లా జిగురు కట్టి గుంపులుగా పేరుకుంటుంది, డ్రిప్పు పైపులో పాచి పట్టినట్టు. అక్కడక్కడా నీటి ధార తెగి గాలి బుడగలు చేరతాయి. బోరు మోటారుకి గాలి పట్టడం చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెట్టు తన వంతుగా పక్క కణాల్ని గొట్టంలోకి బుడగల్లా ఉబ్బించి, జిగురు వదిలి, ఆ దారి మూసేస్తుంది. చిన్న దెబ్బకి ఇది మంచి ఉపాయమే, ఒక గొట్టం పోతే పోయింది. కానీ మొక్క ఎంత ఎక్కువగా మూస్తే అంత తొందరగా ఎండుతుందని కాలిఫోర్నియా ద్రాక్షలో గమనించారు. తట్టుకునే రకాలు అంతగా మూయవు. ఆలివ్‌లోనూ మూసుకుపోయిన గొట్టాలు లెచ్చీనోలో తక్కువ. దాని గొట్టాలకి గాలి పట్టే గుణం కూడా తక్కువే, సోకాక గోడల్ని గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం పెరుగుతుంది.

కాబట్టి మిత్రుడికి నా జవాబు ఇది. ఒల్యరోలాకి బలం తక్కువై చావలేదు. కరువుని తట్టుకుంటూ తరతరాలుగా నిలబడ్డ రకం అది. వెయ్యేళ్ల అనుభవం ఉంది, కానీ ఆ అనుభవమంతా కరువుతో. ఈ దొంగని దాని తాతముత్తాతలెవరూ చూడలేదు. నేలలో ఎంత జీవామృతం పోసినా ఆకుల్లో లేని గ్రాహకం మొలవదు. చెట్టుకి నేల ఆరోగ్యం అవసరమే, ఆ మాట కాదనను. జింకు, రాగి, నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తే లక్షణాలు తగ్గాయని కొన్ని తోటల్లో చూపించారు, బాక్టీరియా మాత్రం పూర్తిగా పోలేదు. పిచికారీ ఆపని రైతుల్ని నేను తప్పుపట్టను, తాత నాటిన చెట్టు ముందు ఎవరు చేతులు కట్టుకుని కూర్చుంటారు? కానీ దాన్ని నివారణ అని చెప్పి, కొట్టాల్సిన చెట్టుని కొట్టనివ్వకుండా ఆపినవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఆపారు మరి. 2015లో యూరోపియన్ యూనియన్ సోకిన చెట్టు చుట్టూ 100 మీటర్లలో ఈ తెగులు పట్టగల మొక్కలన్నీ తీసెయ్యమంది. జనం చెట్లని వాటేసుకుని అడ్డం కూర్చున్నారు. ఆ డిసెంబరులో లెచ్చె ప్రాసిక్యూటర్లు చెట్లు కొట్టడాన్ని నిలిపేసి, తెగులుని పట్టుకున్న శాస్త్రవేత్తల మీదే విచారణ పెట్టారు, వాళ్లే ఆ బాక్టీరియాని తెచ్చి వదిలారేమోనని. 2019లో ఆ కేసు మూసేశారు, ఏమీ తేలలేదు. ఈలోగా తెగులు ఉత్తరానికి పాకుతూ పోయింది. 100 మీటర్ల నిబంధనలో పచ్చటి చెట్లు కూడా పోతాయన్న బాధ నాకర్థమవుతుంది. కానీ సోకిన చెట్టు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన, పచ్చగానే కనిపిస్తుంది. ఆ పచ్చదనంలోంచే నురగ పురుగు తాగి పక్క చెట్టుకి మోస్తుంది.

మనవాళ్లకి ఈ కథ దగ్గరిది అనడానికి ఇంకో కారణం ఉంది. మా వరిలో పాలు కార్చిన బాక్టీరియా, క్సాంథోమొనాస్ ఒరైజే, జైలెల్లాకి ఒకే కుటుంబపు బంధువు. అదీ దారువులోనే ఉంటుంది. దానికి విరుగుడుగా మాలి దేశపు అడవి వరి నుంచి ఒక జన్యువు దొరికింది, పేరు ఎక్స్‌ఏ 21. 1995లో దాన్ని విడదీసి చదివితే అది ఒక గ్రాహకమని తేలింది, కాపలా ప్రోటీను. లెచ్చీనోలో మేలుకున్నవి ఏ కోవకి చెందినవో, ఇదీ ఆ కోవదే. హైదరాబాదు సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ జన్యువునీ, దానితోపాటు ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అనే ఇంకో రెండింటినీ సంకరంతోనే మన సాంబ మసూరిలోకి తెచ్చారు. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అదే. అన్నం అదే సన్నం, అదే రుచి. మూడు ఎందుకు పెట్టారంటే, ఒక్క అడ్డే పెడితే ఏదో ఒకరోజు దొంగ దాన్ని దాటడం నేర్చుకుంటాడు. మూడింటినీ ఒకేసారి ఏమార్చడం కష్టం.

సాలెంతో విషయంలో నాకు భయం ఉన్నదీ ఇక్కడే. 2017 చివర్లో సోకిన ప్రాంతంలో మళ్లీ నాటుకోవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్నాక చాలా ఏళ్లు ఎక్కడ చూసినా వినిపించినవి రెండే పేర్లు, లెచ్చీనో, ఎఫ్‌ఎస్ 17. ఆ రెండోదాన్ని ఫావొలోజా అని కూడా అంటారు. వరసలు తీర్చిన కుర్ర తోటలు, డ్రిప్పు పైపులు, చెట్టుకీ చెట్టుకీ సమాన దూరం. రేపు ఈ రెండింటినీ దాటే జైలెల్లా వస్తే? అందుకే నాకు ఆశ ఉన్నది గట్ల మీద, రాతిగోడల సందుల్లో వాటంతటవే మొలిచిన విత్తనపు మొక్కల మీద. చచ్చిన తోటల మధ్య పచ్చగా ఉన్నవాటిని వెతికి పరీక్షిస్తున్నారు. ఇప్పటికే దొరికిన వాటిలో కొన్నిటికి లెచ్చీనో తల్లో తండ్రో అని తేలింది. వేరే వంశానివి ఎన్ని దొరికితే అంత మంచిది. నా మిత్రుడి 'ప్రకృతికి వదిలెయ్' అన్న మాట ఇక్కడ కొంత నిజమే, ఒప్పుకోవాలి. కాకపోతే ప్రకృతి ఈ పని చేసేది ఒక చెట్టుని బతికించి కాదు. లక్ష చంపి ఒకటి మిగులుస్తుంది, ఆ ఒకటి ఏ గోడ పక్కనుందో మనమే వెతుక్కోవాలి.

ఆ రోజు మేం చూసిన తోటలో చివరి వరసలో ఒక ముసలి మాను మీద కొత్తగా అంటు కట్టి ఉంది. మాను అడ్డంగా కోసి, బెరడు కింద నాలుగు పుల్లలు దూర్చి, చుట్టూ పట్టీ బిగించి పైన మైనం పూశారు. నాలుగింటిలో మూడు చిగురించాయి. వేరు ఒల్యరోలాది, తల లెచ్చీనోది. తోట ఆయన దూరం నుంచి మమ్మల్ని చూసి వచ్చాడు. కోపంగా వస్తున్నాడేమో అనుకున్నాను, చెట్లతో ఫొటోలు దిగే టూరిస్టులతో విసిగి ఉంటాడు పాపం. అన్నయ్య ఇటాలియన్‌లో మా ఊరి వరి గురించి ఏదో చెప్పాడు. ఆయన ఆ అంటుని బొటనవేలితో చూపించి రెండు ముక్కలన్నాడు. "అయిదేళ్లు పడుతుందంటున్నాడు, కాపుకి. నాకు డెబ్బై ఒకటి అంటున్నాడు" అని అన్నయ్య తెలుగులో చెప్పాడు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "ఆకు కోసి గ్లాసులో పెట్టి చూశారా?" అన్నాడు.

ఆలివ్‌కి ఆ పరీక్ష పనికిరాదు నాన్నా, ల్యాబుకి పంపాలి అన్నాను.

"ల్యాబు నుంచి వచ్చేదాకా ఏం చేస్తారు?"

ఆ నురగ సంగతి చెప్పాను. వసంతంలో గడ్డి దున్నెయ్యడం అక్కడ తప్పనిసరి చేశారనీ, అయినా చాలా తోటల్లో మోకాలెత్తు ఉందనీ.

"మరి ముందు ఆ గడ్డి కొట్టమను" అన్నాడు నాన్న, అదేదో పక్క చేను అయినట్టు.